చెప్పుకొనలేని బాధ

ఏడవ తరగతి చదువుచున్న ఒక బాలుడు ఆరు వారములపాటు మంగళవారమునాడును శుక్రవారమునాడును బడికి రాకుండెను. తక్కిన దినములలో తప్పక వచ్చెడివాడు. హాజరు పట్టికను త్రిప్పి చూచువరకు మాకు ఆ సంగతి తట్టలేదు. కారణ మడుగగా ఒకమారు కడుపునొప్పి యనియు, ఇంకొకమారు ఊరి బస్సు తప్పిపోయినదనియు చెప్పెను. ఆ రెండు దినములలోను కడపటి గంట ఆటల గంట యని గుర్తించుటకు మాకు మరికొన్ని దినములు పట్టినది. అంతట తరగతిలో అందరియెదుటను వానిని నిలువబెట్టి, ఆటల గంటలో ఏమి జరుగుచున్నదని అడిగితిమి. "ఏమీ లేదు సార్" అని వాడు తల వంచుకొనెను. వెనుక బల్లలనుండి ఎవరో కిసుక్కున నవ్విరి. ఆ అడిగిన తీరులోనే పెద్ద పొరపాటు చేసితిమని మాకు పిమ్మట తెలిసినది. ఆ సంగతి ముందు చెప్పెదము.

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని తెలుగు బడులలో చదువు పిల్లలకును, వారిని పంపు తల్లిదండ్రులకును ఈ విషయమును గూర్చి కొంత వివరముగా చెప్పుట అవసరమని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము. తోటివారిచే బాధింపబడిన పిల్లవాడు ఆ బాధకంటె సిగ్గుచే ఎక్కువగా క్రుంగును. సిగ్గుచే నోరు మూసికొనును. నోరు మూసికొనుటచే బాధ పెరుగును. ఈ మూడింటికిని గల ముడి ఎట్టిదో తెలియనిదే దానిని విప్పుట సాధ్యము కాదు.

మొదట మాట సంగతి చెప్పవలెను. తెలుగున మనము దీనిని 'ఏడిపించుట' అందుము. కాని బావ మరదలిని ఏడిపించును, తాత మనుమని ఏడిపించును, పెండ్లిలో ఒకవైపువారు మరియొకవైపువారిని ఏడిపింతురు. వీనిలో నవ్వే గాని ఏడుపు లేదు. ఒక పిల్లవాని పుస్తకముల సంచిని నలుగురు కూడి దినదినమును కంపలో పారవేసినను మనము దానినికూడ 'ఏడిపించుట' అనియే అందుము. ఇంటికి వచ్చి "అమ్మా, వాళ్లు నన్ను ఏడిపిస్తా ఉండారు" అని పిల్లవాడు చెప్పినచో తల్లి చెవిని పడునది మొదటి అర్థమే. "పోనీలేరా, నువ్వూ ఏడిపించు" అని ఆమె తన పనిలో తాను మునుగును. పిల్లవాడు చెప్పనే చెప్పెను; వినవలసినది వినబడలేదు. మరునాటినుండి వాడు చెప్పుటయే మానును. వేధించుట, హింసించుట అను మాటలు లేకపోలేదు. కాని పదేండ్ల బాలుడు "నన్ను వేధించుచున్నారు" అని పలుకడు. అది వార్తాపత్రికల మాట, పోలీసు ఠాణా మాట. 'ర్యాగింగు' అను మాట కలదు. 1996లో చిదంబరము చెంతనున్న అణ్ణామలై విశ్వవిద్యాలయమున ఒక వైద్యవిద్యార్థి హతుడైన పిమ్మట తమిళనాడున 1997లో దానిని నిషేధించుచు చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశమునందును ఆ సంవత్సరముననే చట్టమైనది. అయినను జనుల వాడుకలో అది కళాశాలలో క్రొత్తగా చేరినవారి సంగతియే గాని ఏడవ తరగతి పిల్లవాని సంగతి కాదు.

ఈ పేరులేమి మన ఒక్కరిదే కాదు. చదువున మిక్కిలి ముందున్న స్వీడను దేశమునందును 1969 వరకు దీనికి పేరు లేకుండెను. ఆ సంవత్సరమున హైనెమన్ అను వైద్యుడు దీనిని గూర్చి వ్రాయుచు 'మాబ్నింగ్' అను మాటను వాడుకలోనికి తెచ్చెను. గుడ్లగూబ పగటివేళ బయటపడినచో కాకులన్నియు గుంపు కూడి పొడుచుట మనము చూచినదే. జంతుశాస్త్రజ్ఞులు పక్షుల అట్టి ప్రవర్తనకు వాడిన మాటనే ఆయన బడిపిల్లలకు అన్వయించెను. పేరు పుట్టినంతనే ఆ దేశపు తల్లిదండ్రులు తమ పిల్లలను గూర్చి మాటలాడ నారంభించిరి. పేరులేని రోగమునకు మందు అడుగుట ఎట్లు?

ఆ పిమ్మట డాన్ ఓల్వేయస్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు స్వీడను దేశపు బడులలో ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించి 1973లో గ్రంథము వ్రాసెను. ఆటపట్టించుటకును దీనికిని భేదమేమో ఆయన చెప్పిన మూడు గుర్తులనుబట్టి నేటికిని నిర్ణయించుచున్నారు. నొప్పించవలెనను తలంపు ఉండుట ఒకటి. ఒకమారుతో పోక మరల మరల జరుగుట రెండవది. మూడవది, మాకు తోచినంతలో అన్నిటికంటె ముఖ్యమైనది: బలములో హెచ్చుతగ్గు. సమానులిద్దరు కొట్టుకొన్నచో అది జగడము. మధ్యాహ్నమునకు మరల స్నేహితు లగుదురు. ఒకడు తిరిగి కొట్టలేడని తెలిసి కొట్టుట వేరు. బలమనగా కండబలము మాత్రమే కాదు. సంఖ్యాబలము కలదు, ఊరిబలము కలదు, కులబలము కలదు, ధనబలము కలదు. మన ప్రాంతమున వీనికి తోడు భాషాబలము కూడ కలదు.

1982 చివర నార్వే దేశపు ఉత్తరభాగమున ముగ్గురు బాలురు తోటివారి హింసకు తాళలేక ప్రాణములు తీసికొనిరి. దేశమంతయు కదలినది. 1983లో ప్రభుత్వము బడులన్నిటను దీనిని అరికట్టు ఉద్యమమును నడపినది. బెర్గెన్ నగరపు 42 బడులలో సుమారు 2,500 మంది పిల్లలను ఓల్వేయస్ రెండేండ్లపాటు గమనించి చూడగా బాధ సుమారు సగమునకు తగ్గినట్లు కనబడెను. ఆయన పిల్లలను ప్రశ్నించిన పద్ధతి మనకు ముఖ్యము. పేరు వ్రాయ నక్కరలేని కాగితముల మీద ప్రశ్నలిచ్చెను. ఎదుట నిలిపి అడిగినప్పుడు తలవంచుకొనిన పిల్లలే పేరులేని కాగితముమీద చెప్పుకొనిరి. ఇది ఎచ్చటనో చలిదేశపు సంగతి యని తోసివేయరాదు. 144 దేశములనుండి సేకరించిన వివరములతో యునెస్కో సంస్థ 2019లో ప్రకటించిన నివేదికను బట్టి, ఒక్క నెలలోపల బడిలో తోటివారిచే బాధింపబడినట్లు చెప్పిన పిల్లలు ఇంచుమించుగా ముగ్గురిలో ఒకరు. నలువదిమంది గల తరగతికి ఆ లెక్క వేసి చూచుకొనుడు.

ఇక సిగ్గును గూర్చి. తప్పు చేసినవాడు సిగ్గుపడవలెను. దెబ్బ తిన్నవాడు సిగ్గుపడుట ఏమి విడ్డూరము? దీనిని గూర్చి చాలకాలము ఆలోచించితిమి. పిల్లవాడు లోకమును న్యాయమైనదిగా నమ్మును. మంచిగా ఉన్నవానికి మంచి జరుగునని మనమే వానికి కథలలో చెప్పుదుము. తనకు చెడు జరిగినప్పుడు వానికి రెండే త్రోవలు తోచును: లోకము చెడ్డదనుకొనుట, లేదా తనయందే ఏదో లోపమున్నదనుకొనుట. లోకము చెడ్డదైనచో ఇక దిక్కులేదు. లోపము తనదైనచో దిద్దుకొనవచ్చును. కావున వాడు రెండవదానినే నమ్మును. "నా పళ్లు ఎత్తుగా నున్నవి, అందుకే". "మా నాయన చెప్పులు లేకుండ బడికి వచ్చెను, అందుకే". ఆ లోపమును దాచుటకై బాధను కూడ దాచును. ఇంటిలో చెప్పినచో అమ్మకును ఆ లోపము తెలిసిపోవునని భయము. గాంధీమహాత్ముడు తన ఆత్మకథలో బాల్యమును గూర్చి వ్రాయుచు, ఎవరైన తనను గేలి చేయుదురేమో యను భయముతో బడి విడిచినంతనే ఇంటికి పరుగెత్తెడివాడనని చెప్పుకొనెను. పిదప సామ్రాజ్యమునే ఎదిరించిన మనుష్యుడు కూడ బాల్యమున ఆ పరుగు పెట్టినవాడే.

మన ప్రాంతపు విశేషమును చెప్పవలసి యున్నది. హోసూరు, డెంకణికోట, శూలగిరి, వేపనపల్లి మొదలగు చోట్ల తెలుగు ఇండ్లలో తరతరములుగా పలుకబడుచున్నది. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు ఈ సీమ మదరాసు రాష్ట్రముననే నిలిచినది. సేలము జిల్లాలో నుండి, 1965లో ధర్మపురి జిల్లాలో చేరి, 2004లో కృష్ణగిరి జిల్లా యైనది. ఒకవైపు కుప్పము, ఒకవైపు కర్ణాటకము. వీధిలో మూడు నాలుగు భాషలు వినని దినము లేదు. పరిశ్రమలు పెరిగిన తరువాత ఉత్తరదేశపు భాషలును వచ్చి చేరినవి. పెద్దలకు ఇది సంపద. సంతలో బేరమాడుటకు ఏ భాష కావలసిన ఆ భాష. పిల్లలకు మాత్రము ఒక్కొక్కప్పుడు ఇదియే ముల్లగును.

2006లో వచ్చిన చట్టము ననుసరించి ఈ రాష్ట్రపు బడులలో ఒకటవ తరగతి మొదలు ఏటేట పైతరగతులకు తమిళము నిర్బంధ పాఠ్యమగుచు వచ్చినది. తమిళము నేర్చుకొనుటలో మాకు ఎట్టి విముఖతయు లేదు. ఉన్న ఊరి భాష రానివాడు సగము చెవిటివాడు. కాని నేర్చుకొనునప్పుడు నాలుక తడబడుట సహజము. 'తమిళ్' అను మాట చివరనున్న ఆ విశేషధ్వని మన పిల్లలకు సులభముగా పలుకదు. వారు దానిని మామూలు ళకారముగా పలుకుదురు. ప్రక్కనున్నవారు నవ్వుదురు. ఆ ధ్వని పూర్వము తెలుగునందును ఉండెననియు, ప్రాచీన శాసనములలో దానికి ప్రత్యేకాక్షరము కలదనియు, వేయేండ్ల క్రిందట క్రమముగా మన నోటినుండి జారిపోయిన దనియు చెప్పినప్పుడు పిల్లలకు ఆశ్చర్యము కలుగుచున్నది. అదే విధముగా మన ధకార భకారములను పలుకుటలో తమిళ బాలుడు తడబడును. అప్పుడు మనవారు నవ్వుదురు. తడబాటు ఇరువురికిని సమానమే. నవ్వు మాత్రము ఎచ్చట ఎవరు ఎక్కువమంది ఉన్నారో దానినిబట్టి నడుచును.

'గొల్టి' యను మాట నెరుగని తెలుగువాడు ఈ రాష్ట్రమున లేడు. తెలుగు అను పేరును తలక్రిందులు చేసి పుట్టించిన దందురు. సమానులైన మిత్రులనడుమ అది నవ్వులాటయే. బస్సునిలుపు చెంత ఐదుగురు కూడి ఒంటరిగానున్న పిల్లను చూచి పదిమారు లన్నచో నవ్వులాట కాదు. ఆ పిల్ల మరునాడు స్నేహితురాలితో బస్సులో తెలుగున మాటలాడుటకు జంకును. అమ్మ ఫోను చేసినచో "ఆఁ, ఊఁ" అని ఊరకుండును. తన భాషను తానే నోటిలో దాచుకొనుట ఎంత కష్టమో అనుభవించినవారికి గాని తెలియదు.

మాకు అనుభవమే. ఉపాధ్యాయ శిక్షణకై మేము పొరుగు రాష్ట్రమునకు పోయినప్పుడు అచ్చటనైన మన భాషవారి నడుమ ఉందుమని సంతోషపడితిమి. మొదటి వారముననే మా నోటినుండి "వాన పడతా ఉండాది" అను మాట వెలువడగా గదిలోనివారు పగులబడి నవ్విరి. మాకు 'అరవ' అని పేరు పెట్టిరి. ఇచ్చట తెలుగువారమని నవ్వులపాలు, అచ్చట తమిళులమని నవ్వులపాలు. ఇరువది యేండ్లు దాటిన వయస్సున మేము నాలుగు నెలలపాటు తరగతిలో ప్రశ్న అడుగుట మానితిమి. ఇంటికి వ్రాసిన ఉత్తరములలో అంతయు క్షేమమని వ్రాసితిమి. వయసు వచ్చిన మాకే అట్లుండగా పండ్రెండేండ్లవాని మాట చెప్ప నేల? మాతో గదిలోనుండిన ఒక మిత్రుడు, తాను నవ్వలేదుగాని అడ్డుచెప్పనును లేదు, ఒక రాత్రి "మీ ఊళ్లో దీన్నేమంటారు" అని మా మాటలు అడిగి వ్రాసికొన నారంభించెను. ఆ ఒక్కని వలన మేము మరల నోరు విప్పితిమి. నేడు హోసూరు ప్రాంతపు పలుకుబడిలోనే కథలు వ్రాసి అచ్చువేయించుచున్న రచయితలు మన నడుమ కలరు. ఆ 'ఉండాది' అను మాట పుస్తకములలో కూర్చున్నది. ఆనాడు అది మాకు తెలిసియున్నచో బాగుండెడిది.

అయితే ఒక్క సంగతి స్పష్టముగా చెప్పవలెను. బాధించువారు ఎల్లప్పుడును పరభాషవారే యని తలంపరాదు. మొదట చెప్పిన బాలుని బాధించినవారిలో ఇద్దరు తెలుగు పిల్లలే, అందును వాని తరగతివారే. వాని తండ్రి గులాబీ తోటలో కూలిపని చేయును. వారు వానికొక పేరు పెట్టిరి. ఆ పేరును ఇచ్చట వ్రాయము. వ్రాసినచో ఈ పత్రికయే దానిని మోసికొని తిరుగును. సంఖ్యలో కొద్దివారమైన మనము మనలో మన మెట్లుందుమో చూచుకొనక ఇతరులనే తప్పుపట్టుట అలవాటు చేసికొన్నచో మన పిల్లల బాధలలో సగము మన కంటికే కనబడదు.

తల్లిదండ్రుల మౌనము మరియొక చిక్కు. "మనం నలుగురమే ఉండాము, గొడవ వద్దు" అని చెప్పు ఇండ్లు మాకు చాల తెలియును. తండ్రికి బడికి రావలెనన్న ఒకనాటి కూలి పోవును. వచ్చినను కార్యాలయమున ఏ భాషలో మాటలాడవలెనో యని సంకోచము. కొందరు తల్లులు మా బల్లచెంత నిలిచి చీర చెరగు మెలిపెట్టుచు, వచ్చిన పని చెప్పకయే పోయినారు. మరికొందరు "మగపిల్లోడు, ఏడిస్తే ఎట్ల" అని వాని నోరు నొక్కుదురు. ఈ మాటవలన మగపిల్లలకు కలుగు కీడు ఇంతంత కాదు. ఆడపిల్లల సంగతిలో భయము వేరు: చెప్పినచో బడి మాన్పింతురని వారు చెప్పరు. ఈ భయము నిరాధారము కాదనుట మనమందరము ఎరుగుదుము. చెప్పినందుకు శిక్ష తనకే పడునని తెలిసిన పిల్ల నోరు విప్పదు.

నోటితో చెప్పకున్నను పిల్లలు వేరు విధముల చెప్పుచునే యుందురు. ఆదివారము రాత్రియే కడుపునొప్పి మొదలగును. అన్నపు డబ్బా తెరువకయే ఇంటికి వచ్చును, లేదా ఇంటికి వచ్చినంతనే ఆకలిగొన్న తోడేలువలె తినును. మధ్యాహ్నపు తిండి మరియొకరు లాగికొనిరన్న మాట. పెన్సిళ్లు, చిల్లర పైకము మాటిమాటికి పోవుచుండును. దగ్గరి దారి యుండగా చుట్టుదారిని వచ్చును. చిన్న తమ్ముని ఊరక కొట్టును. వీనిలో ఏదో యొకటి కనబడినంతనే బాధ యున్నదని నిశ్చయింపరాదు, కాని అడుగుట మేలు. అడుగునప్పుడు "నిన్నెవరైన కొట్టినారా" అని సూటిగ అడిగినచో "లేదు" అనియే వచ్చును. "బడిలో నీకు నచ్చని చోటు ఏది" అని అడిగి చూడుడు. మనుష్యులను చెప్పుటకు సిగ్గుపడు పిల్లవాడు చోటును చెప్పును. నీళ్ల తొట్టి దగ్గర, మెట్ల క్రింద, బస్సు వెనుక సీటు. చోటు తెలిసినచో తక్కినది తెలియును. మోకాళ్లమీద పేడ రాయుచు, చింతపండు గింజలు తీయుచు, పని చేయుచు ఎదుటి ముఖము చూడక అడిగిన ప్రశ్నకు పిల్లలు త్వరగా బదులు చెప్పుదురు. ఇది శాస్త్రజ్ఞులు చెప్పినది కాదు. మా తల్లి మమ్ము అడుగు పద్ధతి.

చూచుచున్నవారి సంగతి చెప్పనిదే ఈ విషయము ముగియదు. విద్యార్థులారా, ఇది మీకు. ఫిన్లండు దేశపు క్రిస్టీనా సాల్మివల్లి అను విదుషీమణి 1996లో ప్రకటించిన పరిశోధనలో బాధించువాడు, బాధితుడు అను ఇద్దరే కాక తరగతి అంతయు ఇందులో పాత్ర వహించునని చూపెను. తోడు చేయి వేయువారు కొందరు, నవ్వి ఉత్సాహపరచువారు కొందరు, చూడనట్లు ప్రక్కకు పోవువారు కొందరు, అడ్డుపడువారు కొందరు. బాధించువాడు నటుడువంటివాడు, ప్రేక్షకులు లేనిచో ఆట సాగదు. కెనడా దేశపు పరిశోధకులు ఆటస్థలములలో జరుగునది చిత్రములు పట్టి పరిశీలించి 2001లో ఫలితములు ప్రకటించిరి. నూటికి 88 సందర్భములలో ఇతర పిల్లలు చూచుచునే యుండిరి. అడ్డుపడినది నూటికి 19 సందర్భములలో మాత్రమే. అయినను అట్లు అడ్డుపడినప్పుడు సగమునకు పైగా పది సెకండ్లలోపల ఆ హింస ఆగినది. అడ్డుపడుట యనగా పోయి కలియబడుట యని అర్థము కాదు. "రా, నీళ్లు తాగి వస్తాము" అని బాధితుని భుజముమీద చేయివేసి ప్రక్కకు తీసికొనిపోవుట చాలును. నవ్వకుండుట కూడ కొంతవరకు అడ్డుపడుటయే.

ఇంతదాక చెప్పినది విని "చెప్పుకొన్నచో అంతయు తీరును" అని మేము అనుచున్నట్లు తోచవచ్చును. అట్లు అనుట లేదు. తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో 2023 ఆగస్టు నెలలో జరిగినది మన రాష్ట్రమున అందరును ఎరిగినదే. పండ్రెండవ తరగతి చదువు దళిత బాలుడొకడు తోటి విద్యార్థుల కులదౌర్జన్యమునకు తాళలేక కొన్ని దినములు బడి మానెను. కారణ మడిగిన పిమ్మట జరిగినదంతయు చెప్పెను. ఆ రాత్రియే వారు కొడవళ్లతో వాని ఇంటిలో చొరబడి వానిని నరికిరి. అడ్డుపడిన చెల్లెలికిని గాయములైనవి. ఆ బాలుడు కోలుకొని, 2024లో పరీక్ష వ్రాసి 600కు 469 మార్కులు పొందెను. ఈ ఘటన పిమ్మట నియమింపబడిన న్యాయమూర్తి చంద్రు సంఘము బడులలో కులద్వేషమును అరికట్టు మార్గములను సూచించుచు 2024 జూన్ నెలలో నివేదిక నిచ్చినది. నోరు విప్పిన పిల్లవానికి ఆ క్షణమునుండియే కాపు కావలెనని ఈ దారుణము మాకు నేర్పినది. వాడు చెప్పిన మాట ఎవరి చెవిని పడవలెను, ఎవరి చెవిని పడరాదు, ఆ సాయంకాలము వాడు ఇంటికెట్లు పోవును, ఎవరు తోడుపోవుదురు అను ప్రశ్నలకు బదులు సిద్ధము చేసికొనక పిల్లవానిని చెప్పుమనుట వానిని ఒంటరిగా ముందునకు త్రోయుటయే.

ఉపాధ్యాయులమైన మేమును దోషులమే. పిలిచి ఇద్దరిచేతను చేతులు కలిపింతుము. సమానుల జగడమున అది మంచిదే గాని ఇచ్చట అది బాధితునికి రెండవ అవమానము. అందరియెదుట అడుగుదుము; పై చెప్పిన బాలుని సంగతిలో మేము చేసిన పొరపాటు అదియే. ఒక్కొక్కప్పుడు మేమే పిల్లవాని యాసను అనుకరించి తరగతిని నవ్వింతుము. మరునాడు పిల్లలు దానినే కొనసాగింతురు. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టపు 17వ విభాగము పిల్లలను కొట్టుటనే గాక మనస్సు నొప్పించుటను కూడ నిషేధించినది. అది ఉపాధ్యాయులకు వర్తించు శాసనమని తెలిసినవారు తక్కువ. పెద్దలకు చెప్పుకొనుటకు దారిలేని పిల్లలు 1098 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. రాష్ట్ర పాఠశాల విద్యాశాఖవారి సహాయ కేంద్రపు సంఖ్య 14417. వీనిని గోడమీద వ్రాసియుంచుట మంచిదే. కాని వ్రాసిన గోడ ఆటస్థలమున అందరు చూచుచోట నున్నచో ఎవడును దానిచెంత నిలిచి సంఖ్యను వ్రాసికొనడు. పుస్తకముల అట్టల లోపల అంటించుట మేలని మాకు తోచుచున్నది.

ఆ బాలుని సంగతి మాకు తెలియజేసినవాడు వాడు కాదు. నల్లబల్ల తుడుచుటకై మధ్యాహ్నము ఆగిన మరియొక విద్యార్థి, తుడిచినదే మరల తుడుచుచు, గోడవైపు చూచుచునే చెప్పెను. ఆటల గంటలో సంచులు మోయించుట, పేరు పెట్టి పిలుచుట, బస్సుకని తెచ్చుకొన్న పైకము లాగికొనుట. పైకము పోయిన దినమున వాడు ఆరు కిలోమీటర్లు నడిచి ఊరు చేరుచుండెను. ఎవరు చెప్పిరో బయటపడనీయక, మేమే చూచితిమని చెప్పి బాధించినవారిని ఒక్కొక్కనిగా వేరువేరుగా పిలిచి మాటలాడితిమి. వారిలో ఒకడు ఏడ్చెను. వాని ఇంటిలో వానికి పడు దెబ్బల సంగతి అప్పుడే మాకు తెలిసినది. మంగళ శుక్రవారములలో కడపటి గంట మేముకూడ ఆటస్థలమున నిలిచితిమి. బస్సు నిలుపు వరకు వానితో పోవుటకు ఇద్దరు పిల్లలు తామై ముందునకు వచ్చిరి. అందులో ఒకడు ఆ బల్ల తుడిచినవాడే. వాని తల్లి ఒకనాడు తోటపని మాని బడికి వచ్చి, నిలుచుండియే, "మాకెందుకు చెప్పలేదు సార్ వాడు" అని మమ్మడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

నాటినుండి వాడు మంగళవారము బడి మానలేదు. జరిగినదానిని గూర్చి మాత్రము నేటికిని మాటలాడడు. ఈ వ్యాసమును అచ్చునకు ఇచ్చుటకు ముందు వానిని వేరుగా కూర్చుండబెట్టి వానికి సంబంధించిన భాగమును చదివి వినిపించితిమి. తల వంచుకొని వినెను.

"పేరు ఏసినారా సార్?"

లేదంటిమి.

"అట్లయితే వెయ్యండి" అనెను.